చదువరుల సంఘాలూ - చిన్న గ్రాంట్లూ - హక్కుల చదువూ

పుస్తకాలు చదువుకునే పదిమంది మనుషుల సంఘం బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవచ్చునా? మొన్నామధ్య మా జిల్లాలో రచయితలం నలుగురం కూడుకున్నప్పుడు ఒక యువ మిత్రుడు ఈ ప్రశ్న లేవదీశాడు. అతను తన ఊళ్లో మానవహక్కుల పుస్తకాలు చదివే ఒక చిన్న బృందాన్ని నడుపుతున్నాడు. ఏడాదికి ఇంత అని సహాయం చేస్తామని ఒక సంస్థ ముందుకొచ్చిందిట. తీసుకోమంటారా, మానమంటారా అన్నాడు. అంతే, సభ రెండుగా చీలిపోయింది. డబ్బిచ్చినవాడి ఉప్పు తిన్నాక నోరు పెగలదు, వద్దన్నవారు కొందరు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా హక్కుల చైతన్యం ఎక్కణ్ణించి వస్తుందయ్యా అన్నవారు మరికొందరు. ఉపన్యాసాలు బాగానే సాగాయి గాని, ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్న మాత్రం అడిగినచోటే ఉండిపోయింది. సుమారు ఏడేళ్లుగా అలాంటి బృందంతో తంటాలు పడుతున్నవాణ్ణి గనక, ఈ విషయంలో నాకు తెలిసింది విడమరచి చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. సాహిత్య విమర్శకులకు లెక్కలంటే చిన్నచూపు ఉన్నమాట నిజమే. కాని ఇక్కడ లెక్క తేలకపోతే సిద్ధాంతమూ తేలదు. చదువరుల సంఘం అంటే గ్రంథాలయం కాదు. పది పదిహేనుమంది ఒకే పుస్తకాన్ని చదివి, ఒకచోట కూర్చుని దాని గురించి మాట్లాడుకోవడం. రెండు నెలలకొక పుస్తకం చొప్పున ఏడాదికి 6 పుస్తకాలు. చేతులు మారడానికి ఒక్కొక్కటి 6 ప్రతులు. ప్రతి సగటున 150 రూపాయలనుకుంటే 5,400. నెలకొక సమావేశం, టీ నీళ్లకూ జిరాక్సు కాగితాలకూ 200 చొప్పున 2,400. ఏడాదిలో ఇద్దరు వక్తలను పిలిస్తే దారి ఖర్చులు 2,000. మొదటి ఏడాది ఒక ఇనప బీరువా, పాతదైనా సరే, 4,000. మొత్తం 13,800. రెండో ఏటి నుంచి పదివేలు దాటదు. ఒక మోస్తరు సభకు వేదిక మీది పూలకూ శాలువాలకూ అయ్యే ఖర్చు ఇది.

కాబట్టి 'చిన్న గ్రాంటు' అనేది దాతల పిసినారితనం వల్ల వచ్చిన మాట కాదు, ఆ పని స్వభావంలోంచి వచ్చిన మాట. పదిహేనుమంది చదువుకోవడానికి రెండు లక్షలిస్తే చదువు జరగదు, ఆఫీసు పుడుతుంది. ఆఫీసు పుట్టాక గుమాస్తా వస్తాడు. గుమాస్తా వచ్చాక వచ్చే ఏడాది రెండున్నర లక్షలు తేవలసిన అవసరం వస్తుంది. నేను కళ్లారా చూసిన రెండు మూడు సంఘాలు ఈ దారినే వెళ్లి చివరికి పుస్తకం తెరవడం మానేశాయి.

ఇక హక్కుల చదువు అంటే ఏమిటి? 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవహక్కుల ప్రకటనలో 30 అధికరణాలున్నాయి. వాటిని వల్లె వేయించడమా? మన పాఠశాలల్లో ఏటా ఆ తేదీన జరిగేది చాలావరకు అదే, వక్తృత్వపు పోటీ పెట్టి టిఫిన్ బాక్సు బహుమతిగా ఇవ్వడం. 2011 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల విద్య మీద విడిగా ఒక ప్రకటన చేసింది. అందులో ఈ విద్యను మూడు విధాలుగా చెప్పారు: హక్కులను గురించి నేర్చుకోవడం, హక్కులు పాటించే పద్ధతిలో నేర్చుకోవడం, హక్కుల కోసం నిలబడడానికి నేర్చుకోవడం. మొదటిది పుస్తకంలో ఉంటుంది. మూడోది వీధిలో ఉంటుంది. రెండోది మాత్రం చదువుకునే గదిలోనే తేలిపోతుంది. గదిలో ఎవరు కుర్చీలో కూర్చున్నారు, ఎవరు చాప మీద కూర్చున్నారు? చదవడం రానివాళ్లు వస్తే పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉందా? ఆడవాళ్లు మాట్లాడే వంతు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయిపోతోందా? 17వ అధికరణం మీద గంటసేపు చర్చించి, టీ దగ్గరికి వచ్చేసరికి గ్లాసులు వేరయితే ఆ చర్చకు విలువేమిటి?

ఇక్కడ రచయితలకు పనికొచ్చే విషయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. 1948 నాటి ప్రకటనలో మొదటి అధికరణం ముసాయిదాలో మనుషులందరినీ సూచించడానికి ఇంగ్లీషులో పురుషులందరూ అనే అర్థం కూడా వచ్చే మాట ఉండేది. భారత ప్రతినిధి హంసా మెహతా పట్టుపట్టి దాన్ని మానవ జీవులందరూ అనే అర్థం వచ్చేలా మార్పించారు. తెలుగులో మనం 'మానవులందరూ' అనేస్తాం, ఆ చిక్కు మనకు కనిపించదు. మాట దగ్గర జరిగిన పోరాటాన్ని చెబితే మా బృందంలో బి.ఏ. చదివే అమ్మాయి ఒకటే అడిగింది: "మన మాట మంచిదే మాస్టారూ, మరి మన మీటింగులో ఆడవాళ్లం ముగ్గురమే ఉన్నామేం?" నా దగ్గర జవాబు లేదు.

చట్టాన్ని చట్టంగా చదివితే పదిమందిలో తొమ్మిదిమందికి నిద్ర వస్తుంది. ఇది వారి తప్పు కాదు. అందుకే మేం కథతో మొదలుపెట్టి అధికరణం దగ్గరికి వెళ్లే పద్ధతి పెట్టుకున్నాం. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' చదివిన నెల సంగతి చెబితే ఈ పద్ధతి మంచీ చెడూ రెండూ తెలుస్తాయి.

'యజ్ఞం' గురించి మన విమర్శకులు రాసినంత మరే కథ గురించీ రాసి ఉండరు. పెద్దమనుషుల తీర్పు, అభివృద్ధి పేరిట వచ్చిన మార్పులు, ముగింపులోని హింస, అన్నిటిమీదా వాదాలు జరిగాయి. నేనూ ఎం.ఏ. విద్యార్థిగా ఉండగా ఆ వాదాలన్నీ చదివి, పరీక్షలో పేజీలు నింపినవాణ్ణే. మా బృందంలో మాత్రం చర్చ నేననుకున్న దారిన పోలేదు. డిగ్రీ చదివి ఎరువుల దుకాణంలో పనిచేసే యువకుడొకడు, "అప్పు తీసుకున్న మాట నిజమే కదా, లెక్కలో మోసం లేదని కథలోనే తేలింది కదా, మరి అన్యాయం ఎక్కడుంది?" అన్నాడు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదది. ఆ కథ బలమంతా అక్కడే ఉంది. తీర్పు చెప్పేవారు దుర్మార్గులైతే కథ తేలికయ్యేది.

జవాబు నేను చెప్పబోయేలోగా కూలిపనికి వెళ్లే ఒక పెద్దావిడ అందుకుంది. ఆమెకు చదువు రాదు, కథను మూడు సాయంత్రాలు పైకి చదివి వినిపించాం. "లెక్క సరిగానే ఉంటది నాయనా. మా అయ్య మా మేనత్త పెళ్లికి రైతు దగ్గర అప్పు చేసి పాలేరుగా దిగాడు. ఏటా ఉగాదికి లెక్క చూసేవోళ్లు. ఒక్క ఏడూ తప్పు లేదు. మా అయ్య పోయినాక మా అన్న దిగాడు" అంది. కథ జరిగే ప్రాంతపు మాటలో కంబారీ అన్నా, మా ప్రాంతంలో పాలేరు అన్నా సంగతి ఒకటే. తన కొడుకు ఆ బతుకు బతకకూడదని సీతారాముడు ఆ బిడ్డనే చంపేసిన ముగింపు గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. మేమూ ఆ సాయంత్రం ఆమెను అడగలేదు.

ఆ తర్వాతి సమావేశంలో రాజ్యాంగం 23వ అధికరణం చదివాం. వెట్టినీ, బలవంతపు చాకిరీనీ నిషేధించే అధికరణం అది. ఆ తర్వాత 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చదివాం. ఆ చట్టం కింద వెట్టికి కారణమైన అప్పు రద్దవుతుంది, లెక్క సరైనదా కాదా అన్న ప్రశ్నే ఉండదు. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, బలవంతం అంటే కర్ర పట్టుకుని నిలబడడమే కాదు, ఆకలీ పేదరికమూ మనిషిని వేరే దారి లేకుండా చేస్తే అదీ బలవంతమే, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే చాకిరీ బలవంతపు చాకిరీయే అన్నది. ఎరువుల దుకాణం కుర్రవాడు ఆ తీర్పు సారాంశం ఉన్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పై వారం, తనకు ఇచ్చే జీతం కనీస వేతనం కన్నా ఎంత తక్కువో లెక్క కట్టుకుని వచ్చాడు!

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, సాహిత్య విద్యార్థులు దాన్ని గమనించాలి. కథను అధికరణానికి ఉదాహరణగా మార్చేస్తే కథ చచ్చిపోతుంది. చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదివినప్పుడు నేనీ పొరపాటు చేశాను. కథ ముగిసీ ముగియకముందే 2002 రాజ్యాంగ సవరణ, 21-ఎ అధికరణం, 2010 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం అంటూ నల్లబల్ల మీద రాసేశాను. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది! బడి మాన్పించిన పిల్లవాడి సిగ్గు, దిగులు, తండ్రి మీద ప్రేమ, ఇవేవీ ఆ నల్లబల్ల మీదికి రాలేదు. కథ చేసే పని వేరు, చట్టం చేసే పని వేరు. కథ బాధను ఒప్పిస్తుంది, చట్టం ఆ బాధకు జవాబుదారీ ఎవరో చూపిస్తుంది. రెంటికీ మధ్య కొన్ని రోజుల ఎడం ఉండాలని ఆ దెబ్బతో తెలుసుకున్నాను. రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు' విషయంలో అరెస్టయిన మనిషి హక్కుల గురించి చెప్పే 22వ అధికరణాన్ని నెల్లాళ్ల తర్వాతగాని ముట్టుకోలేదు. తెలుగులో ఇలాంటి చదువుకు పనికొచ్చే సామగ్రికి లోటేమీ లేదు. 2009లో మరణించిన బాలగోపాల్ హక్కుల గురించి తెలుగులో రాసిన వ్యాసాలున్నాయి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తక్కువ ధరకు తెచ్చిన పుస్తకాలున్నాయి. కొనడానికి డబ్బే కావాలి. కాబట్టి మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో వెలిసింది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వచ్చింది. బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో ఏర్పడింది, వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. 1935లో పెదపాలెం నుంచి కొల్లూరు దాకా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. ఇవన్నీ ప్రధానంగా చందాల మీదా విరాళాల మీదా నడిచిన పనులు. నిజాం రాజ్యంలోనైతే సభ పెట్టుకోవడానికే అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 ఒకటి నెత్తిన ఉండేది. గ్రంథాలయం నడపడమే రాజకీయ కార్యం అయింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాల మూట మోసుకుంటూ ఇంటింటికీ తిరిగాడు. తరువాతి కాలంలో ఆయనకు జైళ్లూ తప్పలేదు. 'ప్రజల మనిషి' రాసిన చేయీ, పుస్తకాల మూట మోసిన చేయీ ఒకటే కావడం కాకతాళీయం అని నేననుకోను.

స్వాతంత్ర్యం తర్వాత గ్రంథాలయాలు ప్రభుత్వ బాధ్యత కావాలని ఉద్యమమే కోరింది. కోరడం న్యాయమే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను మీద గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది, రూపాయికి 8 పైసలు. ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తాయి. రాష్ట్రం రెండయ్యాక కూడా రెండుచోట్లా ఇదే ఏర్పాటు. సెస్సు వసూలు చేసే స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయిలు పెట్టడం అందరికీ తెలిసిన బాగోతం. అంతకన్నా లోతైన నష్టం వేరొకటి జరిగింది. పాఠకుడు సంఘ సభ్యుడుగా ఉన్నవాడు కార్డుదారు అయ్యాడు. ఏ పుస్తకం కొనాలో అతన్ని అడిగేవారు లేకుండా పోయారు.

కేరళలో ఇదే కథ వేరే దారి పట్టింది. 1945లో పి. ఎన్. పణిక్కర్ 47 గ్రంథాలయాలను కూడగట్టి తిరువాన్కూరు గ్రంథశాలా సంఘం పెట్టారు. 1989లో అక్కడ చట్టం వచ్చింది. కాని ఆ చట్టం ఊళ్లలోని గ్రంథాలయాలను ప్రభుత్వంలో కలిపేసుకోలేదు. అవి స్థానిక సభ్యులవిగానే ఉండిపోయాయి. వాటి ప్రతినిధులే తాలూకా, జిల్లా, రాష్ట్ర స్థాయి కౌన్సిళ్లను ఎన్నుకుంటారు. కౌన్సిలు గ్రంథాలయాలకు గ్రేడు కట్టి ఏటా గ్రాంటు ఇస్తుంది. అంటే గ్రాంటు ఇచ్చే సంస్థలో గ్రాంటు తీసుకునేవాడికి ఓటు ఉంది. అక్కడ పార్టీల పెత్తనం లేదని నేననడం లేదు, ఎన్నికలున్నచోట పార్టీలుంటాయి. అయినా ఓటున్న గ్రాంటుకూ, దరఖాస్తు పెట్టుకుని దేబిరించే గ్రాంటుకూ తేడా ఉంది. మనం కేరళను పొగిడేటప్పుడు అక్షరాస్యత శాతాలు చెబుతాం గాని, ఈ ఏర్పాటు గురించి చెప్పం.

మరి మన దగ్గర చిన్న సంఘానికి ఉన్న దారులేమిటి? రామమోహన రాయ్ ద్విశత జయంతి సందర్భంలో 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఒకటుంది. దాని సహాయం ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వాల భాగస్వామ్యంతో నడిచే పథకాల ద్వారా వస్తుంది. గ్రంథాలయ సేవ చేసే స్వచ్ఛంద సంస్థలకు కూడా పథకం ఉంది. అయితే అది గ్రంథాలయాలకు ఉద్దేశించింది, గదీ రిజిస్ట్రేషనూ లేని పదిహేనుమంది బృందానికి అందదు. 1993 మానవహక్కుల పరిరక్షణ చట్టం 12వ సెక్షనులో జాతీయ కమిషను విధులు చెబుతూ ప్రజల్లో హక్కుల అక్షరాస్యత పెంచాలనీ, ఈ రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలను ప్రోత్సహించాలనీ రాశారు. రాసిన మాట ఉంది గనక దాన్ని పట్టుకుని అడగవచ్చు.

విదేశీ డబ్బు సంగతి తేల్చి చెప్పాలి, ఎందుకంటే సభలో వేడి పుట్టింది దాని గురించే. విదేశీ విరాళాల మీద మొదటి చట్టం ఎమర్జెన్సీలో, 1976లో వచ్చింది. దాని స్థానంలో 2010లో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణతో, అనుమతి ఉన్న పెద్ద సంస్థ తాను తెచ్చుకున్న విదేశీ విరాళంలో కొంత చిన్న సంస్థకు పంచి ఇవ్వడం పూర్తిగా నిషిద్ధమయింది. చిన్న సంఘం తానే రిజిస్టరు కావాలంటే మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయలు ఖర్చు పెట్టి ఉండాలి. మన బృందం మూడేళ్లకు నలభై వేలు కూడా ఖర్చు పెట్టదు! అంటే విదేశీ చిన్న గ్రాంటు అనే వస్తువు మనబోటివాళ్లకు దాదాపు లేనట్టే. తీసుకోవచ్చునా కూడదా అని సైద్ధాంతికంగా కొట్టుకోవలసిన పని తప్పింది. ఆ డబ్బు వెనక ఉండే ప్రయోజనాల గురించి మన వామపక్ష మిత్రుల అనుమానాలు నాకూ ఉన్నాయి. కాని 2020 సవరణ వచ్చింది ఆ అనుమానాలతో కాదు, హక్కుల మాట ఎత్తే సంఘాలను కట్టడి చేయడానికి వచ్చిందని నా నమ్మకం.

మిగిలింది దేశంలోని దాతలు. మా బృందం ఒక ఏడాది ఒక సంస్థ నుంచి పదివేలు తీసుకుంది. ఆ ఏడాది అనుభవం దాచడం ఎందుకు? ఇచ్చినవారు పుస్తకాల ఎంపికలో వేలు పెట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రతి సమావేశానికీ ఫోటోలు, గోడకు వారి పేరున్న బ్యానరు, హాజరయినవారి సంతకంతోబాటు ఫోన్ నంబరు కావాలన్నారు. అంత చిన్న విషయానికి ఎందుకు పేచీ అని నేనే ఒప్పుకున్నాను. రెండో నెలకు ముగ్గురు ఆడవాళ్లలో ఇద్దరు మానేశారు. ఒకరి భర్తకు ఫోన్ నంబరు ఎవరి చేతుల్లో పడుతుందోనని భయం. ఇంకొకామె పనిచేసే ఇంటి యజమాని ఫోటోలో ఆమెను గుర్తుపట్టి, అక్కడేం మాట్లాడతారని ఆరా తీశాడు. కూలి పెద్దావిడ వస్తూనే ఉంది గాని మాట్లాడడం మానేసింది. హక్కుల గురించి చదువుతూ, మనిషి ఏకాంతానికి ఉన్న హక్కును, 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో గుర్తించిన హక్కును, మేమే కాగితం మీద సంతకం పెట్టించుకుని తీసేశామన్నమాట. రెండో విడత డబ్బు వద్దని ఉత్తరం రాశాం. సంజాయిషీ అడుగుతూ వాళ్లు రాసిన జవాబు మా బీరువాలో ఉంది.

అయితే దీన్నిబట్టి గ్రాంటే వద్దని నేనను. వద్దనగలిగినవాడికి నెలజీతం వస్తూ ఉంటుంది, నాకు వస్తోంది. కూలికి వెళ్లేవాళ్లు నడుపుకునే బృందానికి 5,400 రూపాయల పుస్తకాలు దొరకడం ఎంత కష్టమో తెలిసినవాడు సులువుగా వద్దనలేడు. చూడవలసింది డబ్బు ఎలా వస్తుందనేది. నగదుకన్నా పుస్తకాల రూపంలో వస్తే మంచిది, పేర్లు మాత్రం బృందమే రాసివ్వాలి. లెక్క చూపమనడం దాత హక్కు, కొన్న పుస్తకాల బిల్లులూ ఏ నెల ఏది చదివారో ఒక పేజీ రాతా చాలు. మనుషుల పేర్లు అడిగితే ఇవ్వకూడదు, ఎంతమంది వచ్చారో చెబితే సరిపోతుంది. ఖర్చులో మూడోవంతయినా సభ్యుల చందాల నుంచి రావాలని నా అభిప్రాయం, రూపాయి అయినా రెండయినా. ఒక ఏడాది దాత తప్పుకుంటే సంఘం మూతపడకూడదు కదా.

రిజిస్ట్రేషను లేని బృందం పేరిట బ్యాంకు ఖాతా తెరవడం తలనొప్పి. ఆ పని మన రచయితల సంఘం శాఖలు నెత్తికెత్తుకోవచ్చు. శాఖకు ఖాతా ఉంటుంది, ఆడిట్ ఉంటుంది. చిన్న బృందాల తరఫున శాఖ డబ్బు తీసుకుని పుస్తకాలు కొనిస్తే బృందాలకు పద్దుల బెడద తగ్గుతుంది. శాఖలో ఆ బృందాల ప్రతినిధులు కూర్చుంటే కేరళ ఏర్పాటుకు కొంచెం దగ్గరవుతాం. జిల్లా సమావేశంలో నేనీ ప్రతిపాదన పెడితే ఒక పెద్దాయన "మాస్టారూ, మనం రచయితలమా, కిరాణా లెక్కలు రాసేవాళ్లమా?" అన్నారు. వట్టికోట పేరు చెప్పాను. పెద్దాయన నవ్వి, వచ్చే సమావేశంలో చూద్దామన్నారు. ఆ సమావేశం ఇంకా జరగలేదు.

ఆ యువ మిత్రుడికి మాత్రం ఉత్తరం రాశాను: సంస్థ వాళ్లు పంపిన షరతుల కాగితాన్ని ముందు బృందంలో పైకి చదివి వినిపించు, చదువు రానివాళ్లు కూడా విన్నాక చేతులెత్తించు అని. అలాగే చేశాడట. ఫోటోల షరతు దగ్గర గంటన్నర చర్చ జరిగిందనీ, తమ సంఘం పెట్టాక అంత బాగా జరిగిన సమావేశం ఇంకొకటి లేదనీ రాశాడు. షరతు తీసేస్తే తీసుకుంటామని సంస్థకు తిరిగి రాశారు. జవాబు కోసం చూస్తున్నారు. ఈలోగా మా దగ్గరున్న 'యజ్ఞం' ప్రతులు ఆరూ అతనికి పంపాను, చదివాక తిరిగి పంపాలని లోపల చీటీ పెట్టి.